తిరుమల యాత్ర: అంటువ్యాధులు, మరణాల లెక్కలు

తిరుపతి పట్టణంలో, తిరుమల కొండమీద, అక్కడికి చేరే యాత్రామార్గాల్లో 19వ శతాబ్ది మొదలు 20వ శతాబ్ది నడుమ వరకు కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, క్షయ వంటి అంటువ్యాధులు ప్రబలాయి. ఆ వ్యాధుల చరిత్రను, వాటివల్ల సంభవించిన చావులను ప్రభుత్వం లెక్కగట్టిన తీరును, నీటి సరఫరా, టీకాలు, వైద్యశాలల ద్వారా పరిస్థితి మారిన క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. సాధారణ పట్టణాలకు, యాత్రాస్థలాలకు ఈ విషయంలో ఒక ముఖ్యమైన తేడా ఉంది. మామూలు ఊళ్లో జబ్బు తగిలినవారు చాలావరకు ఆ ఊళ్లోనే కోలుకుంటారు, లేదా చనిపోతారు. యాత్రాస్థలంలో జబ్బు తగిలినవారు చాలామంది దారిలోనో, సొంత ఊరు చేరాకో చనిపోతారు. అందువల్ల తిరుపతి ఆరోగ్యాన్ని తిరుపతి రిజిస్టరు ఒక్కటే చూసి అంచనా వేయలేం.

ఊరు, కొండ, దారులు

బ్రిటిష్ పాలనలో తిరుపతి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ఈస్టిండియా కంపెనీ నేరుగా నడిపిన ఆలయ నిర్వహణ 1843లో హథీరాంజీ మఠం మహంతు సేవాదాసు చేతికి వచ్చింది. 1933లో తిరుమల తిరుపతి దేవస్థానాల పాలన మొదలయ్యే దాకా మహంతులే ఆలయ వ్యవహారాలు చూశారు. కొండ కింది ఊరికి 1886లో మునిసిపాలిటీ వచ్చింది. 1901 జనాభా లెక్కల్లో పట్టణ జనం 15 వేల పైచిలుకు.

యాత్రికులు నాలుగు వైపుల నుంచీ వచ్చేవారు. చెన్నపట్నం నుంచి నగరి, పుత్తూరు మీదుగా, కడప నుంచి రాజంపేట, కోడూరు మీదుగా, నెల్లూరు వైపు నుంచి వెంకటగిరి, శ్రీకాళహస్తి మీదుగా, వేలూరు, చిత్తూరు వైపు నుంచి చంద్రగిరి మీదుగా కాలినడకన, ఎద్దుబండ్ల మీద సాగేవారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు బయలుదేరి తిరుపతి మీదుగానే వెళ్లాడు. ఆయన రాసిన యాత్రాచరిత్రలో మజిలీ మజిలీకీ బస ఎలా ఉంది, నీటి వసతి ఉందా అన్న విషయం కనిపిస్తుంది. ఆ కాలపు యాత్రికుడికి ప్రాణం నిలిచేదీ పోయేదీ నీటి దగ్గరే.

నీటికి ఆధారం సువర్ణముఖి. ఏడాదిలో ఎక్కువ కాలం అది ఇసుక నది. ఇసుకలో చెలమలు తీసి, బావులు తోడి, కోనేళ్లలో మునిగి జనం కాలం గడిపేవారు. కొండ అడుగున కపిలతీర్థం, పైన స్వామి పుష్కరిణి, ఆకాశగంగ, పాపవినాశనం ఉన్నాయి. ఈ ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాలే ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మంచి వానలు పడతాయి. బ్రహ్మోత్సవాలు సరిగ్గా ఆ వానలకు కాస్త ముందు, నీళ్లు అడుగంటిన బావుల మీదకు వేలాది జనాన్ని తెచ్చేవి. కురిసిన తొలి వాన ఊరి మురికిని కోనేటిలోకి కడిగేది.

కలరా

బెంగాల్‌లో 1817లో విజృంభించిన కలరా మరుసటి ఏడాదే మద్రాసు ప్రాంతానికి చేరింది. మన ఊళ్లలో వాంతిబేది అని పిలిచే ఈ జబ్బు యాత్రతో విడదీయలేనంతగా ముడిపడింది. కలరా క్రిమి కడుపులోకి పోయిన కొన్ని గంటల నుంచి 5 రోజుల లోపు రోగం బయటపడుతుంది. మొదట బియ్యం కడిగిన నీళ్ల వంటి విరేచనాలు, వెంటనే వాంతులు, పిక్కలు పట్టేయడం, గొంతు పూడుకుపోవడం మొదలవుతాయి. తీవ్రమైన కేసులో ఒంట్లోంచి గంటకు లీటరు దాకా నీరు పోతుంది. చికిత్స లేకపోతే తీవ్రంగా పట్టినవారిలో సగం మంది దాకా చనిపోతారు. పొద్దున నడిచిన మనిషి రాత్రికి లేకుండా పోవడం ఈ జబ్బులో సాధారణం.

ఈ 5 రోజుల లెక్కను యాత్రామార్గం మీద పెట్టి చూస్తే వ్యాధి నడిచిన తీరు అర్థమవుతుంది. కాలినడకన రోజుకు ఆరేడు క్రోసులు పోయే మనిషి తిరుపతిలో చెడ్డ నీళ్లు తాగితే, మూడో నాడో నాలుగో నాడో ఏ పుత్తూరు సత్రంలోనో, కోడూరు దగ్గర చెట్టు కిందో పడిపోతాడు. అతని బట్టలు ఆ ఊరి చెరువులోనే ఉతుకుతారు. నాలుగు రోజులు తిరిగేసరికి ఆ ఊళ్లో కలరా. రైలు వచ్చాక దూరం పెరిగింది, కాలం తగ్గింది. మద్రాసు రైలు 1860ల్లో రేణిగుంటకు చేరింది. 1891లో తిరుపతికే రైలు వచ్చింది. అప్పటి నుంచి జబ్బు తగిలిన యాత్రికుడు అది బయటపడక ముందే ఇల్లు చేరసాగాడు. తిరుపతిలో తగిలిన రోగం మద్రాసులోనో, సేలంలోనో, బళ్లారిలోనో చావుగా నమోదయ్యేది.

దేశమంతటా ఇదే కథ. 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో సమావేశమైన అంతర్జాతీయ పారిశుద్ధ్య మహాసభ కలరా వ్యాప్తికి యాత్రలను బలమైన కారణంగా ఎత్తిచూపింది. మరుసటి ఏడాది హరిద్వారం కుంభమేళా నుంచి తిరిగి పోయిన జనం వెంట కలరా ఉత్తర భారతమంతా పాకింది. ఆ తర్వాత పూరీ, హరిద్వారం, కంచి, తిరుపతి వంటి స్థలాల మీద ప్రభుత్వ ఆరోగ్యాధికారుల చూపు నిలిచింది. అయితే తిరుమలలో వారు నేరుగా చేయగలిగింది తక్కువ. 1870 దాకా ఐరోపా అధికారులెవరూ కొండ ఎక్కలేదని ఆనాటి గజెటీర్లు చెబుతున్నాయి.

క్రిమి సంగతి తేలింది 1884లో. రాబర్ట్ కోచ్ కలకత్తాలో రోగుల పేగుల్లోనూ, కలరా సోకిన బస్తీ జనం వాడుకునే ఒక చెరువు నీటిలోనూ కలరా క్రిమిని గుర్తించాడు. చెరువు, కోనేరు, స్నానం, తీర్థం అన్నీ ఒకటిగా కలిసిన మన యాత్రాస్థలాలకు ఈ ఫలితం ఎంత దగ్గరదో వేరే చెప్పనక్కరలేదు. మునిగి లేచి అదే నీటితో ఆచమనం చేసే చోట, ఒక్క రోగి చాలు వందలమందికి జబ్బు అంటడానికి.

మశూచి, గంగమ్మ

ఎండాకాలపు జబ్బు మశూచి. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే గడపకు వేపమండలు కట్టేవారు. పరాయివారిని రానిచ్చేవారు కాదు. ఇంట్లో తాలింపు పెట్టేవారు కాదు. పొక్కులు మాడిన తర్వాత వేపాకు, పసుపు కలిపిన నీళ్లతో తలకు పోసేవారు. భయభక్తులతో చేసిన ఈ పనుల్లో రోగిని వేరుగా ఉంచడమన్న మేలు ఉంది. అయినా మశూచి ప్రాణాంతకమే. టీకా లేనివారిలో సోకిన ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురు చనిపోయేవారు. బతికినవారిలో చూపు పోయినవారు ఎందరో.

తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ. మే నెలలో ఆమె జాతర వారం రోజులు సాగుతుంది. ఎండలు ముదిరి, నీళ్లు తగ్గి, పొక్కుల జబ్బులు పుట్టే కాలమది. అర్ధరాత్రి చాటింపుతో జాతర మొదలవుతుంది. చాటింపు వేసిన తర్వాత జాతర ముగిసే దాకా ఊరివారు పొలిమేర దాటి రాత్రి మరోచోట ఉండకూడదని, పొరుగూరివారు ఇక్కడ రాత్రి ఉండకూడదని కట్టుబాటు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలతో భక్తులు ఊరంతా తిరుగుతారు. ఇంటింటా అంబలి పోస్తారు. చివరినాటి తెల్లవారుజామున గుడి ముందు మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం చెంప నరికాక, ఆ మట్టి పెళ్లల కోసం జనం ఎగబడతారు. దొరికిన చిన్న ముక్కను ఇంట్లో దాచుకుని ఆరోగ్యానికి రక్షగా భావిస్తారు. ఊరిని చల్లగా చూడమన్న మొక్కు ఆ వారమంతా వినిపిస్తుంది. అంటురోగం ముందు నిస్సహాయంగా నిలిచిన తరాల జ్ఞాపకం ఈ జాతరలో ఇప్పటికీ సజీవంగా ఉంది.

మశూచి టీకా మన దేశంలోకి 1802లో వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1884లో టీకా చట్టం చేశారు. మొదట్లో ఒక బిడ్డ చేతి పొక్కు నుంచి మరో బిడ్డకు టీకా వేసే పద్ధతి ఉండేది. దానివల్ల ఇతర జబ్బులు అంటుతాయన్న భయం, కులం పట్టింపు రెండూ అడ్డొచ్చేవి. తరువాత దూడల నుంచి తీసిన మందు వాడుకలోకి వచ్చింది. 1905లో మద్రాసు గిండీలో నెలకొల్పిన కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆ మందును తయారుచేసి జిల్లాలకు పంపింది. భారతదేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది. 1980లో ప్రపంచం నుంచే ఈ వ్యాధి నిర్మూలమైనట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

కరువు, ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా

1876–78 మహాకరువు రాయలసీమను ఊడ్చిపెట్టింది. తిండిలేక శక్తి పోయిన మనుషులు, గంజి కేంద్రాల దగ్గర గుంపులు, అడుగంటిన బావులు కలిసి కలరాకు దారి ఇచ్చాయి. ఒక్క 1877లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో మూడున్నర లక్షల మేర కలరా మరణాలు నమోదయ్యాయి. కరువు పనుల్లో కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలని ప్రభుత్వ కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ నిర్ణయిస్తే, అది మనిషిని బతికించదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. జనాభా లెక్కలు ఆయన పక్షానే సాక్ష్యం చెబుతాయి. 1871లో సుమారు 20 లక్షలున్న ఉత్తర ఆర్కాటు జనాభా 1881 నాటికి 18 లక్షల దగ్గరకు పడిపోయింది. పదేళ్లలో పెరగాల్సిన జనం పెరగకపోగా రెండు లక్షల మంది తగ్గారు.

1896లో బొంబాయిలో బయటపడిన ప్లేగు రెండేళ్లలో మద్రాసు ప్రెసిడెన్సీని తాకింది. 1897 అంటువ్యాధుల చట్టం కింద ప్లేగు ఉన్న చోటి నుంచి వచ్చే ప్రయాణికులకు ప్లేగు పాస్‌పోర్టులు ఇచ్చి, పది రోజులపాటు అధికారుల ముందు హాజరు కావాలని నిబంధన పెట్టారు. రైలు స్టేషన్లలో తనిఖీలు జరిగేవి. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా దేశం మొత్తం మీద కోటికి పైగా ప్రాణాలు తీసింది. 1911–21 దశాబ్దంలో భారత జనాభా పెరగకపోగా కాస్త తగ్గింది. జనాభా లెక్కల చరిత్రలో అలా జరిగిన దశాబ్దం అదొక్కటే.

చావులను లెక్కపెట్టిన తీరు

ఇంగ్లండులో 1837 నుంచి జనన మరణాల నమోదు క్రమబద్ధంగా మొదలైంది. విలియం ఫార్ ఆ లెక్కలను ఊరూరికీ పోల్చి చూపాడు. వెయ్యికి 17 మంది చనిపోయే ఆరోగ్యకరమైన ప్రాంతాలున్నప్పుడు, అంతకు మించిన చావులు ఆపదగినవేనని ఆయన వాదన. 1848 ప్రజారోగ్య చట్టం వెయ్యికి 23 కంటే ఎక్కువ మరణాలున్న ఊళ్లలో ఆరోగ్య బోర్డు పెట్టించే అధికారం ఇచ్చింది. 1854లో లండన్ సెయింట్ జేమ్స్ పారిష్‌లోని బ్రాడ్ స్ట్రీట్ కలరాలో 600 మందికి పైగా చనిపోయారు. చావులు జరిగిన ఇళ్లను ఒక్కొక్కటిగా పటం మీద గుర్తించి, వీధి పంపు నీరే కారణమని వైద్యుడు జాన్ స్నో నిరూపించాడు. చనిపోయినవారు ఏ ఇంట్లో ఉండేవారో తెలియడం వల్లనే ఆ నిరూపణ సాధ్యమైంది.

మన జిల్లాల్లో జనన మరణాల నమోదు పని గ్రామాధికారుల మీద పడింది. ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా గ్రామ మునసబో కరణమో రిజిస్టరులో రాయాలి. చావుకు కారణాన్ని కొన్ని గళ్లలో ఇమిడ్చేవారు: కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు–బంక, దెబ్బలు–పాముకాటు, ఇతరాలు. వైద్యుడు చూడని చావుకు కారణం చెప్పేది ఇంటివాళ్లే. కలరా, మశూచి ఎవరికైనా తెలుస్తాయి. మిగతావి దాదాపు అన్నీ జ్వరాల గడిలోకి పోయేవి. అందుకే ఆనాటి పట్టికల్లో జ్వరాలదే పెద్ద వాటా. అందులో మలేరియా ఉంది, టైఫాయిడ్ ఉంది, క్షయ ఉంది, బాలింత జ్వరం ఉంది. రాయలసీమ దిగుడుబావుల నీటితో వచ్చే నారికురుపు మనిషిని చంపదు కాబట్టి ఆ పట్టికలకు ఎక్కనే లేదు. పనికాలంలో రైతును నెలల తరబడి మంచాన పడేసిన ఈ వ్యాధి దేశం నుంచి పోయింది 1996లో.

ఈ రిజిస్టర్ల లెక్కలు అసలు చావులకంటే తక్కువగా ఉండేవి. జనాభా లెక్కల ఆధారంగా నిపుణులు కట్టిన అంచనాల ప్రకారం 1881–1921 మధ్య భారతదేశంలో ఏటా వెయ్యికి 40కి పైగా మంది చనిపోయారు. గ్రామ రిజిస్టర్లలో చాలా ఏళ్లు దీనికంటే ఎంతో తక్కువే కనిపిస్తుంది. పురిట్లో పోయిన బిడ్డలు, దారిలో పోయిన దిక్కులేనివారు, వెట్టివాళ్ల వాడల్లో పోయినవారు తరచు లెక్కకు అందలేదు.

యాత్రాస్థలంలో మరో చిక్కు ఉంది. ఉదాహరణకు 15 వేల జనమున్న ఊళ్లో ఏడాదికి 300 మంది స్థానికులు పోయారనుకుందాం. మరణాల రేటు వెయ్యికి 20. ఉత్సవాల పది రోజుల్లో సత్రాల్లో, మండపాల్లో 150 మంది యాత్రికులు చనిపోతే, వారినీ కలిపి స్థానిక జనంతో భాగిస్తే రేటు 30 అవుతుంది. ఊరివారి ఆరోగ్యం మారలేదు, అంకె మాత్రం మారింది. మరో పక్క, అదే ఉత్సవాల్లో జబ్బు అంటించుకుని ఇంటికి పోయి చనిపోయిన 500 మంది ఈ ఊరి లెక్కలో ఎక్కడా కనిపించరు. ఒక వైపు అంకె ఎక్కువ చెబుతుంది, మరో వైపు అసలు నష్టాన్ని దాచేస్తుంది. తిరుపతి చావుల పట్టికను కడప, నెల్లూరు, చెంగల్పట్టు తాలూకాల పట్టికల పక్కన పెట్టి, ఉత్సవాల తర్వాతి రెండు మూడు వారాలను పోల్చి చదివితేనే నిజం తెలుస్తుంది.

బాధ్యత ఎవరిది?

ఆలయం మహంతుది, ఊరు మునిసిపాలిటీది, రోడ్లు తాలూకా బోర్డులవి, రైలు కంపెనీలది. యాత్రికుడికి మంచినీళ్లు ఎవరివ్వాలన్న ప్రశ్న ఈ నలుగురి మధ్య నలిగింది. 15 వేల మంది పన్నులతో నడిచే మునిసిపాలిటీకి, ఉత్సవాలకు వచ్చే అన్ని వేలమందికీ కుళాయిలు, మరుగుదొడ్లు కట్టడం శక్తికి మించిన పని. 1912–16 మధ్య ప్రభుత్వం యాత్రాస్థలాల పారిశుద్ధ్యంపై రాష్ట్రాలవారీగా కమిటీలు వేసింది. మద్రాసు కమిటీ నివేదిక 1915లో వెలువడింది. 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం జాతరలు, ఉత్సవాలకు ప్రత్యేక నిబంధనలు పెట్టింది. నీరు, మరుగుదొడ్లు, వైద్యం, రోగులను వేరుచేసే ఏర్పాట్లు ముందుగానే చేయాలన్నది వాటి సారాంశం.

1933 తర్వాత కొండ మీది బాధ్యత దేవస్థానం కింద ఒక్కచోటికి వచ్చింది. 1944లో ఘాట్ రోడ్డు తెరిచాక సామగ్రి, వైద్యసాయం కొండెక్కడం తేలికైంది. ఆపై జలాశయాలు, శుద్ధిచేసిన నీటి కుళాయిలు, కింద పట్టణానికి కల్యాణి డ్యాము, తర్వాత తెలుగుగంగ నీళ్లు వచ్చాయి. పుష్కరిణిని ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు నెలరోజులు మూసి, నీళ్లు తోడి శుభ్రం చేస్తారు. ఒక రోజులో 60 నుంచి 80 వేలమంది దర్శనం చేసుకునే చోట నేడు కలరా మాట వినపడదంటే, దానికి మొదటి కారణం ఈ కుళాయి నీరు.

చికిత్స, పరిశోధన

క్షయ విషయంలో ఈ ప్రాంతానిది ప్రత్యేక స్థానం. అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో క్షయ వైద్యశాల మొదలుపెట్టాయి. 1915లో అది ఊరి బయట ఆరోగ్యవరానికి మారింది. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్‌మోలర్ దానికి తొలి అధిపతి. మందులు లేని ఆ రోజుల్లో పొడిగాలి, ఎండ, విశ్రాంతి, బలమైన తిండి, తర్వాత శస్త్రచికిత్స మాత్రమే మార్గాలు. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదలైన తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. చుట్టుపక్కల గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి చేసిన క్షయ సర్వేలు, ఆసుపత్రికి రాని రోగులు పల్లెల్లో ఎందరున్నారో చూపాయి.

కలరాకు శాస్త్రవేత్త హాఫ్కిన్ 1893 నుంచి మన దేశంలో టీకాలు వేశాడు. అసలు మలుపు మాత్రం ఉప్పు, చక్కెర కలిపిన నీటితో వచ్చింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఓఆర్‌ఎస్ ద్రావణంతో వేలమందిని బతికించాడు. సకాలంలో నీరు ఎక్కిస్తే నేడు కలరాలో నూటికి ఒక్కరు కూడా చనిపోరు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధనల్లోంచి 1948లో ఆరియోమైసిన్ మందు వెలుగు చూసింది. ఆ టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులు కలరాకు, ప్లేగుకు రెండింటికీ పనికొచ్చాయి. తిరుపతిలో 1960లో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల, తర్వాత రుయా ఆసుపత్రి, స్విమ్స్ వచ్చి రాయలసీమ అంతటికీ వైద్యకేంద్రమయ్యాయి.

ఇటీవలి అనుభవం

కోవిడ్ కారణంగా 2020 మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనాలు ఆగాయి. స్వామివారి కైంకర్యాలు ఏకాంతంగా సాగాయి. జూన్‌లో పరిమిత సంఖ్యలో, దూరం పాటిస్తూ దర్శనాలు తిరిగి మొదలయ్యాయి. నూరేళ్ల కింద రైలు చేసిన పనిని ఈసారి విమానం చేసింది. రోగ లక్షణం కనపడక ముందే మనిషి వేల మైళ్లు దాటిపోతున్నాడు.

ముగింపు

వెయ్యికి 40 మంది పోయే కాలం నుంచి వెయ్యికి ఆరేడుగురు పోయే కాలానికి ఆంధ్రప్రదేశ్ చేరింది. ఈ మార్పును టీకాలు, మందులు, తిండి, చదువు కలిసి తెచ్చాయి. యాత్రాస్థలం వరకు చూస్తే శుభ్రమైన నీటిదే సింహభాగం. నాటి లెక్కల లోపం నేటికీ పాఠమే. యాత్రికుడికి కలిగిన మేలూ కీడూ అతను ఇల్లు చేరిన వారం తర్వాత తెలుస్తుంది. కాబట్టి యాత్ర నుంచి వచ్చాక జ్వరమో, విరేచనాలో పట్టుకుంటే ఎక్కడికి వెళ్లి వచ్చారో వైద్యుడికి చెప్పాలి. ఇంట్లో జరిగిన ప్రతి చావునూ 21 రోజుల లోపు సరైన కారణంతో నమోదు చేయించాలి. ఆ రెండు పనులూ పౌరుడివి. అవి జరిగినప్పుడే కొండకు వచ్చే లక్షల మందిని కాపాడే లెక్క పూర్తవుతుంది.